వేలు తీసే ముందు రక్తనాళం చూడాలి

(షుగర్ ఉన్నవారికి, వారి కుటుంబాలకు ఏర్పాటు చేసిన అవగాహన సభలో ఒక వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ చేసిన ప్రసంగం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం.

ఇక్కడ షుగర్ ఉన్నవాళ్లు ఉన్నారు, వాళ్లతో వచ్చిన ఇంటివాళ్లు ఉన్నారు, వెనక వరసల్లో కొందరు నర్సులు, జూనియర్ డాక్టర్లు కూడా కూర్చున్నారు. అందరికీ ఒకే మాట చెప్పాలని వచ్చాను. షుగర్ ఉన్న మనిషి కాలి మీద పుండు పడి మానకపోయినా, వేలు నల్లబడినా, ఎవరైనా "వేలు తీసేయాలి" అన్నారనుకోండి. అప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న ఇది: "డాక్టర్ గారూ, పాదంలోకి రక్తం ఎంత వస్తోందో చూశారా? రక్తనాళాల పరీక్ష అయిందా?" దానికి జవాబు దొరికాకే మిగతా విషయాలు. ఇన్‌ఫెక్షన్ ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఈ వరస మారుతుంది. దాని గురించి తర్వాత చెబుతాను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, రక్తం సరిగా అందని పాదంలో వేలు తీస్తే, తీసిన చోట పడిన గాయం మానదు. అంచులు నల్లబడతాయి. అప్పుడు సగం పాదం తీస్తారు. అదీ మానదు. తర్వాత మోకాలి కింద, ఆ తర్వాత మోకాలి పైన. అలా ఒక్కో మెట్టు ఎక్కుతూ వచ్చినవాళ్లను మేం చూస్తూనే ఉంటాం. వాళ్లలో కొందరికి మొదటి రోజే రక్తనాళం తెరిచి ఉంటే ఒక వేలుతోనో, అసలు ఏమీ తీయకుండానో బయటపడేవారు. కాలు పోవడమంటే నడక ఒక్కటే పోవడం కాదమ్మా. షుగర్ ఉన్నవారిలో మోకాలి పైనో కిందో కాలు తీసిన తర్వాత ఐదేళ్లలో సగానికి పైగా చనిపోతున్నారని ఎన్నో అధ్యయనాలు చూపించాయి. చాలా క్యాన్సర్ల కంటే ఇది దారుణమైన లెక్క.

ముందు ఈ జబ్బు ఎక్కడ వస్తుందో చెబుతాను. గుండె నుంచి వచ్చే పెద్ద ధమని పొట్టలో రెండుగా చీలి, గజ్జల గుండా తొడల్లోకి దిగుతుంది. తొడలోంచి మోకాలి వెనక్కి వెళ్తుంది. మోకాలి కింద అది మూడు ధమనులవుతుంది. ఒకటి కాలి ముందువైపు నుంచి పాదం పైభాగానికి వస్తుంది. రెండోది చీలమండ లోపలివైపు ఎముక వెనక నుంచి అరికాలికి పోతుంది. మూడోది పిక్క లోపల దిగి చీలమండ దగ్గర ఆగిపోతుంది, దాన్ని పెరోనియల్ ధమని అంటారు. పొగతాగేవారిలో బ్లాకులు ఎక్కువగా పైన, పొట్టలోనో తొడలోనో వస్తాయి. షుగర్ ఉన్నవారిలో దెబ్బ ఎక్కువగా మోకాలి కింది మూడు ధమనుల మీద పడుతుంది. అదీ చిన్న ముక్క మూసుకోవడం కాదు, జానెడు పొడవున, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పొడవున మూసుకుపోతుంది. షుగర్‌తో పాటు పొగ అలవాటు కూడా ఉంటే పైనా కిందా రెండు చోట్లా ఉంటుంది.

ఇందులో మనకు కలిసొచ్చే సంగతి కూడా ఒకటుంది. ఆ మూడింట్లో పెరోనియల్ ధమని చాలామందిలో చివరిదాకా తెరిచి ఉంటుంది. మధ్యలో అంతా మూసుకుపోయినా, పాదం పైనున్న ధమని కింది భాగం బాగానే ఉండటం తరచుగా చూస్తాం. అంటే పైనుంచి తెచ్చే రక్తాన్ని అందుకోవడానికి పాదంలో చోటు ఉంటుంది. ఈ ఒక్క సంగతి మీదే మా వైద్యమంతా నిలబడి ఉంది.

ధమని గోడల్లో జరిగే మార్పు ఇంకొకటి. షుగర్ ఎన్నో ఏళ్లుగా ఉన్నవారిలో, ముఖ్యంగా కిడ్నీలు దెబ్బతిన్నవారిలో, ధమని గోడ మధ్య పొరలో కాల్షియం పేరుకుని గోడ గట్టిపడుతుంది. జర్మనీ డాక్టర్ మోంకెబెర్గ్ 1903లోనే దీన్ని వివరించాడు. ధమని లోపల కొవ్వు పేరుకుని దారి మూసుకోవడం వేరు, గోడ ఇలా గట్టిపడటం వేరు. షుగర్ పేషెంట్లలో ఈ రెండూ కలిసి వస్తాయి. పరీక్షల్లో మనం మోసపోయేది ఈ కాల్షియం వల్లే.

ఇక నొప్పి సంగతి. మామూలుగా కాలి ధమని మూసుకుంటే కాస్త దూరం నడిచేసరికి పిక్క పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. జబ్బు ముదిరితే రాత్రి పడుకున్నప్పుడు పాదం మండిపోతుంది, మంచం మీద నుంచి కాలు కిందికి వేలాడేస్తే కాస్త ఉపశమనం. షుగర్ ఉన్నవారిలో నరాలు కూడా దెబ్బతింటాయి కాబట్టి ఈ నొప్పులు చాలామందికి తెలియవు. "నాకేం నొప్పి లేదండీ, పుండు దానంతటదే మానుతుంది" అంటారు. పాదం సగం నల్లబడినా నొప్పి లేదని ఇంట్లోనే కూర్చున్నవాళ్లు ఉన్నారు. నొప్పి లేదు కాబట్టి రక్తం బాగానే ఉందని దయచేసి ఎవరూ అనుకోవద్దు. యూరప్‌లో పలు కేంద్రాలు కలిసి చేసిన యూరోడయేల్ అనే అధ్యయనంలో, కాలి పుండుతో వచ్చిన షుగర్ పేషెంట్లలో దాదాపు సగం మందికి ధమనుల జబ్బు కూడా ఉన్నట్టు తేలింది. ప్రతి ఇద్దరిలో ఒకరు. అందుకే ఏ పుండునైనా "ఇది నరాల పుండు" అని తేల్చేసే ముందు రక్తం సంగతి చూడాలి.

ఇక్కడ పాత అపోహ ఒకటి చెప్పాలి. జూనియర్ డాక్టర్లు దీన్ని జాగ్రత్తగా వినాలి. "షుగర్ పేషెంట్లకు చిన్న చిన్న రక్తనాళాలే మూసుకుపోతాయి, వాటికి చేసేదేమీ లేదు" అనే మాట మీరు వినే ఉంటారు. 1959లో వచ్చిన ఒక పరిశోధన పత్రం, తీసేసిన కాళ్లను మైక్రోస్కోప్ కింద చూసి, షుగర్ ఉన్నవారి సన్నటి నాళాల్లో ప్రత్యేకమైన అడ్డంకి ఉందని చెప్పింది. ఆ మాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. దాని పర్యవసానం ఏమిటి? షుగర్ పేషెంట్ కాలికి ఆపరేషన్ చేసి లాభం లేదు అనే నిరాశ డాక్టర్లలోనే పాతుకుపోయింది. తర్వాత చేసిన పరిశోధనలు దాన్ని నిర్ధారించలేదు. 1984లో లోగెర్ఫో, కాఫ్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ వాదాన్ని సూటిగా ఖండించారు. సన్నటి నాళాల పనితీరులో లోపం ఉన్నమాట నిజమే, కానీ అవి మూసుకుపోయి దారి బంద్ అయిపోవడం కాదు, అసలు అడ్డంకి మనం చేరగలిగే ధమనుల్లోనే ఉంది అన్నారు. ఆ తర్వాత పాదం మీది ధమనికే నేరుగా బైపాస్, అంటే మూసుకున్న చోటును దాటించి రక్తానికి పక్కదారి వేసే ఆపరేషన్, చేసి వేలాది కాళ్లు కాపాడారు. ఇంత జరిగి ఇన్నేళ్లయినా "చిన్న నాళాల జబ్బు, ఇంక చేసేదేం లేదు" అనే మాట వార్డుల్లో వినపడుతూనే ఉంది. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఆ మాటే. దాని మాటున ఎన్నో కాళ్లు పోయాయి.

సరే, పరీక్షల దగ్గరికి వద్దాం. మొదటిది చేత్తో చేసేదే. పాదం పైభాగంలో, చీలమండ లోపలివైపు ఎముక వెనక నాడి పట్టి చూడాలి. రెండు చోట్లా నాడి బాగా అందితే మంచి సూచనే. కానీ నాడి తెలిసినంత మాత్రాన జబ్బు లేదని పూర్తిగా చెప్పలేం. కాలు పైకెత్తితే పాదం పాలిపోయి, కిందికి దించితే ఎర్రగా కందినట్టు అవుతోందా చూడాలి. ఆ ఎరుపు చూసి "రక్తం బాగా వస్తోంది" అనుకునేవాళ్లున్నారు. అది రక్తం చాలని పాదంలో కనిపించే ఎరుపు.

తర్వాతిది ఏబీఐ. చీలమండ దగ్గర బీపీ చూసి, దాన్ని చేతి బీపీతో భాగిస్తారు. 1.0 నుంచి 1.4 దాకా మామూలు. 0.90, అంతకంటే తక్కువైతే ధమనుల జబ్బు ఉన్నట్టే. చవకైన, సులువైన పరీక్ష. కానీ ఇందాక చెప్పిన కాల్షియం ఇక్కడే మోసం చేస్తుంది. బీపీ పట్టీ ధమనిని నొక్కి మూస్తేనే కదా లెక్క వచ్చేది! గట్టిపడిన ఇనప గొట్టాన్ని గుడ్డపట్టీతో నొక్కితే ఏమవుతుంది? మూసుకోదు. దాంతో లెక్క 1.4 పైన వస్తుంది, కొందరిలో మీటరు ఎంతకీ ఆగదు. ఇంకా ప్రమాదకరమైనది ఏమిటంటే, బ్లాక్ వల్ల తగ్గాల్సిన లెక్క కాల్షియం వల్ల పెరిగి సరిగ్గా 1.1 దగ్గర నిలబడటం. కాగితం మీద నార్మల్. పాదం మాత్రం చచ్చిపోతూ ఉంటుంది. షుగర్ పేషెంటుకు మానని పుండు ఉండి ఏబీఐ నార్మల్ అని రాసి ఉంటే, ఆ కాగితాన్ని నమ్మి కేసు ముగించొద్దు.

దీనికి విరుగుడు బొటనవేలి ప్రెజర్. వేలి ధమనుల్లో కాల్షియం అంతగా పేరుకోదు, అందుకని చిన్న పట్టీ వేలికి చుట్టి కొలుస్తారు. వేలి ప్రెజర్‌ను చేతి ప్రెజర్‌తో భాగిస్తే 0.7 కంటే తక్కువ రాకూడదు. విడిగా వేలి ప్రెజర్ 30 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే పుండు దానంతటది మానే అవకాశం బాగా తక్కువ, వెంటనే రక్తనాళాల ఫోటో తీసి దారి తెరిచే ప్రయత్నం చేయాలి. చీలమండ ప్రెజర్ 50 కంటే తక్కువున్నా అంతే. చర్మంలో ఆక్సిజన్ కొలిచే యంత్రం ఉన్నచోట అది 25 మిల్లీమీటర్ల లోపు వచ్చినా అంతే తొందర. ఇవేవీ లేని ఆస్పత్రిలో ఉన్నారా? రక్తం పారే చప్పుడు వినిపించే, చేతిలో పట్టుకునే చిన్న డాప్లర్ ఉంటే దాని చప్పుడు వినండి. ఆరోగ్యంగా ఉన్న ధమని మూడు విడతల చప్పుడు చేస్తుంది. బ్లాక్ కింద అది ఒకే ఒక మెత్తటి ఊదుడుగా మారుతుంది. కాల్షియం ఉన్నా ఆ తేడా చాలావరకు తెలుస్తుంది. అంకెలు ఎలా ఉన్నా, మంచి డ్రెస్సింగ్, పాదం మీద భారం పడకుండా చూడటం, ఇన్‌ఫెక్షన్‌కు మందులు అన్నీ సరిగా జరిగి కూడా నాలుగు నుంచి ఆరు వారాల్లో పుండు తగ్గుముఖం పట్టకపోతే రక్తనాళాలు చూడాల్సిందే.

ఇప్పుడు స్కానింగులు. మొదటిది డాప్లర్ అల్ట్రాసౌండ్, డుప్లెక్స్ అంటాం. సూది లేదు, రేడియేషన్ లేదు, కిడ్నీకి ఏ ఇబ్బందీ లేదు. తొడలో, మోకాలి వెనక బ్లాకులు చక్కగా చూపిస్తుంది. పిక్కలో, కాల్షియం దట్టంగా ఉన్నచోట నీడలు పడి చూడటం కష్టమవుతుంది. చేసే మనిషి ఓపిక మీద కూడా ఆధారపడి ఉంటుంది. చాలా రిపోర్టులు మోకాలి దగ్గరే ఆగిపోతాయి. మీ రిపోర్టులో చీలమండ దాకా, పాదం దాకా రాశారో లేదో చూసుకోండి. షుగర్ పేషెంటుకు జబ్బంతా మోకాలి కిందే ఉన్నప్పుడు మోకాలి పైన మాత్రమే చూసిన రిపోర్టు ఎందుకు పనికొస్తుంది చెప్పండి?

సీటీ యాంజియోగ్రామ్ రెండోది. చేతి సిరలోకి, అంటే రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లే నాళంలోకి, అయోడిన్ ఉన్న మందు ఎక్కించి క్షణాల్లో పొట్ట నుంచి పాదం దాకా ఫోటో తీస్తారు. పైనున్న పెద్ద ధమనులకు చాలా మంచిది. మోకాలి కింద మాత్రం కాల్షియం తెల్లగా మెరిసి, ఉన్నదాని కంటే పెద్దదిగా కనిపిస్తుంది. మూడు మిల్లీమీటర్ల ధమనిలో ఆ మెరుపు పడితే లోపల దారి ఉందో లేదో తేల్చడం కష్టం. తెరిచి ఉన్న నాళాన్ని మూసుకుపోయిందని రాసే ప్రమాదం ఉంది. అందుకని సీటీ రిపోర్టులో "మోకాలి కింద నాళాలు కనిపించలేదు" అని ఉంటే, నాళాలు లేవని అర్థం కాదు. సీటీకి కనపడలేదని మాత్రమే.

ఎంఆర్ యాంజియోకు కాల్షియం అడ్డు రాదు. అది దాని బలం. అయితే మామూలుగా వాడే గాడోలినియం మందుతో కిడ్నీలు బాగా పాడైనవారిలో చర్మం, కీళ్లు బిగుసుకుపోయే అరుదైన జబ్బు రావచ్చని 2006 ప్రాంతంలో బయటపడింది. ఆ తర్వాత పాత రకం మందుల వాడకం తగ్గింది, కొత్త రకాలతో ఆ ముప్పు చాలా చాలా తక్కువ. మందు లేకుండానే తీసే ఎంఆర్ పద్ధతులూ వచ్చాయి.

ఇక డీఎస్ఏ. గజ్జలో ధమనిలోకి సన్నటి గొట్టం పంపి, నేరుగా కాలి ధమనిలోకే మందు వదిలి, ఎముకల నీడ తీసేసి కదిలే చిత్రం చూసే పరీక్ష. మోకాలి కింది జబ్బుకు ఇప్పటికీ దీన్ని మించింది లేదు. పైగా అదే బల్ల మీద, అదే గొట్టంలోంచి బెలూన్ వైద్యం కూడా చేసేయొచ్చు. దీంట్లో ఒక నియమం ఉంది, మా విభాగంలో చేరే ప్రతి డాక్టరుకూ ఇదే మొదట చెబుతాను: చిత్రం పాదంలో ముగియాలి. పాదాన్ని పక్కనుంచీ, ముందునుంచీ చూడాలి, మందు మెల్లగా కింద దాకా చేరేంతసేపు కెమెరా ఆన్‌లో ఉంచాలి. తొందరపడి ముందే ఆపితే, ఆలస్యంగా నిండే పాదం ధమని కనపడదు. అది కనపడకపోతే "బైపాస్‌కు చోటు లేదు" అని రాసేస్తారు. ఆ ఒక్క వాక్యంతో కాలు పోతుంది.

కిడ్నీ గురించి అందరికీ టెన్షన్. న్యాయమే. షుగర్ కాళ్లను, కిడ్నీలను కలిపే దెబ్బతీస్తుంది. అందుకే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ చూస్తాం, ఒంట్లో నీరు తగ్గకుండా చూస్తాం, మందు వీలైనంత తక్కువ వాడతాం. మందుకు బదులు కార్బన్ డయాక్సైడ్ వాయువు వాడే పద్ధతి కూడా ఉంది. అది రక్తంలో కరిగి ఊపిరితో బయటికి పోతుంది, కిడ్నీకి భారం లేదు. ఛాతీ, మెదడు వైపు దాన్ని వాడకూడదు, కాళ్లకు వాడొచ్చు. పాదం దగ్గరికి వచ్చేసరికి చిత్రం కాస్త మసకబారుతుంది కాబట్టి అక్కడ కొద్దిగా మామూలు మందు కలుపుకుంటాం. మెట్‌ఫార్మిన్ వేసుకునేవారు ముందే చెప్పాలి. కిడ్నీలు బాగున్నవారికి సాధారణంగా ఆపాల్సిన పనిలేదు. పనితీరు తగ్గినవారికి ఆపి, 48 గంటల తర్వాత పరీక్ష చూసి మళ్లీ మొదలుపెడతారు. మీ అంతట మీరు ఆపొద్దు. ఇన్ని జాగ్రత్తలు ఉన్నాయి కాబట్టి "కిడ్నీ వీక్‌గా ఉంది, యాంజియో వద్దు, కాలు తీసేద్దాం" అనడం సబబు కాదని నా అభిప్రాయం.

వైద్యంలోకి వద్దాం. 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 82 ఏళ్ల పెద్దావిడ ఒకరు కాలి వేళ్లు నల్లబడి ఆస్పత్రిలో ఉన్నారు. కాలు తీయించుకోనని పట్టుబట్టారు. రేడియాలజిస్ట్ చార్లెస్ డాటర్ ఆమె తొడ ధమనిలో సన్నబడిన చోటులోంచి వరసగా లావు పెరిగే గొట్టాలు పంపి దారి వెడల్పు చేశాడు. పాదం వెచ్చబడింది. ఆమె ఆ తర్వాత చనిపోయేదాకా తన కాళ్ల మీదే నడిచారు. కత్తి లేకుండా ధమని తెరవడం ప్రపంచంలో మొదలైంది కాలితోనే. గుండెకు బెలూన్ ఆ తర్వాత, 1977లో గ్రుంట్‌జిగ్ చేతుల మీదుగా వచ్చింది. బైపాస్ చరిత్ర ఇంకా పాతది. 1948లో పారిస్‌లో జాన్ కున్లాన్ అనే సర్జన్ రోగి సొంత సిరనే తీసి తొడ నుంచి మోకాలి వెనక్కి కలిపాడు.

ఇప్పుడు బెలూన్ వైద్యం ఎలా చేస్తామంటే, వెంట్రుకంత సన్నటి తీగను బ్లాక్‌లోంచి కిందికి దాటిస్తాం. దాని మీదుగా పొడవైన సన్న బెలూన్ పంపి నిమిషాలపాటు ఉబ్బించి ఉంచుతాం. పైనుంచి తీగ దాటకపోతే పాదంలోని ధమనికి సూది వేసి కింది నుంచి పైకి తీగ పంపుతాం. రెండు తీగలూ మధ్యలో కలుస్తాయి. కాల్షియం బాగా ఉంటే దాన్ని చెక్కే, పగలగొట్టే పరికరాలు ఉన్నాయి. పుండు ఉన్న చోటికి ఏ ధమని రక్తం తెస్తుందో దాన్నే తెరవగలిగితే మేలు. మడమ పుండుకు వెనక ధమని, పాదం పైభాగానికి ముందు ధమని. కుదరకపోతే ఏది దొరికితే అది తెరిచి పాదంలోకి ఒక్కటైనా నేరు దారి ఇవ్వాలి.

నిజం దాచకుండా చెప్పాలి. మోకాలి కింద బెలూన్‌తో తెరిచిన ధమని ఎక్కువ కాలం తెరిచి ఉండకపోవచ్చు. పొడవైన బ్లాకులైతే సగానికి పైగా కొన్ని నెలల్లోనే మళ్లీ సన్నబడతాయి. మందు పూసిన బెలూన్లు తొడలో బాగా పనిచేశాయి, మోకాలి కింద మాత్రం ఆశించినంత ఫలితం ఇవ్వలేదు. 2023లో, మందు వదులుతూ మెల్లగా కరిగిపోయే స్టెంట్ (ధమనిని తెరిచి పట్టి ఉంచే సన్నటి జాలీ గొట్టం) మీద వచ్చిన అధ్యయనం మోకాలి కింద బెలూన్ కంటే మెరుగని చూపించింది. అమెరికా నియంత్రణ సంస్థ 2024లో దానికి అనుమతి ఇచ్చింది. ఆ అధ్యయనంలో చూసినవి ఎక్కువగా పొట్టి బ్లాకులే. చాంతాడంత బ్లాకుల సమస్య ఇంకా మిగిలే ఉంది.

బైపాస్ అంటే పెద్ద ఆపరేషన్. కాలి నుంచే సిర తీసి, మోకాలి దగ్గరో తొడ దగ్గరో మొదలుపెట్టి, చీలమండ వద్దనో పాదం పైననో ఉన్న ధమనికి కలుపుతాం. ఏది మంచిది, బెలూనా, బైపాసా? రెండు పెద్ద అధ్యయనాలు దీన్ని పరీక్షించాయి. రెండింట్లోనూ ఎక్కువమంది షుగర్ ఉన్నవాళ్లే. 2022లో వచ్చిన బెస్ట్-సీఎల్ఐలో 1,830 మంది ఉన్నారు. మంచి పొడవైన సిర ఉన్నవారిలో కాలు పోవడం, ధమనికి మళ్లీ పెద్ద ఆపరేషన్ చేయాల్సి రావడం లేదా మరణం, బైపాస్ వాళ్లలో 42.6 శాతం, బెలూన్ వాళ్లలో 57.4 శాతం. బైపాస్ గెలిచింది. మంచి సిర లేనివారిలో తేడా లేదు. మరుసటి ఏడాది బ్రిటన్ నుంచి ప్రధానంగా నడిచిన బేసిల్-2 వచ్చింది. 345 మంది, అందరికీ మోకాలి కింద జబ్బు. అందులో కాలు పోవడమో మరణమో బైపాస్ వాళ్లలో 63 శాతం, బెలూన్ వాళ్లలో 53 శాతం. బెలూన్ గెలిచింది! ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తున్నాయి కదా. రోగులు వేరు, జబ్బు ఉన్న చోటు వేరు, లెక్కపెట్టిన ఫలితాలు కూడా వేరు. నేను వీటి నుంచి తీసుకున్నది ఇది: ఓపిక ఉన్న మనిషి, మంచి సిర, పొడవైన బ్లాక్ ఉంటే బైపాస్ గురించి గట్టిగా ఆలోచించాలి. గుండె బలహీనంగా ఉండి, వయసు మీరి, సిర సరిగా లేకపోతే బెలూన్‌తో మొదలుపెట్టాలి. రెండూ చేయగలిగే చోట, రెండూ తెలిసినవాళ్లు కలిసి నిర్ణయించాలి. బెలూన్ ఒక్కటే తెలిసిన చోట అందరికీ బెలూనే పడుతుంది, అది రోగికి మంచిది కాదు. సిరలను ముందుగా అల్ట్రాసౌండ్‌తో కొలవడం మర్చిపోకూడదు.

పాదంలో అసలు ధమనే మిగలనివారి కోసం, పైనుంచి ధమని రక్తాన్ని పాదం సిరల్లోకి మళ్లించే పద్ధతి వచ్చింది. 2023లో వచ్చిన ప్రామిస్-2 అధ్యయనంలో, ఇంక దారి లేదన్న 105 మందికి అది చేస్తే ఆరు నెలల నాటికి 66 శాతం మంది కాలితో ప్రాణాలతో ఉన్నారు. అందరికీ పనికొచ్చేది కాదు, గాయం మానడానికి నెలలు పడుతుంది, కానీ "దారి లేదు" అనే ముందు ఇది కూడా ఆలోచించాలి.

ఇందాక మినహాయింపు అన్నాను. పాదం వాచి, చీము పట్టి, జ్వరం, చలి, మనిషి మందకొడిగా అయితే అప్పుడు స్కాన్ కోసం ఆగకూడదు. అదే రోజు చీము తీసేయాలి, చచ్చిన కండ తీసేయాలి, యాంటీబయాటిక్ ఎక్కించాలి. అవసరమైతే వేలూ తీయాలి. ఆ తర్వాత రోజుల్లోనే, వారాల్లో కాదు, రక్తనాళం తెరవాలి. ఇన్‌ఫెక్షన్ లేకుండా ఎండిపోయి నల్లబడిన వేలైతే కంగారు లేదు. ముందు రక్తం తెచ్చి, బతికేది ఎంతో చచ్చేది ఎంతో తేలాక తీస్తే తక్కువలో పోతుంది.

మందుల సంగతి క్లుప్తంగా. కొలెస్ట్రాల్ ఎంత ఉన్నా, దాన్ని తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకోవాలి, ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ కనీసం 70 లోపు ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ గానీ క్లోపిడోగ్రెల్ గానీ ఉండాలి. ధమని తెరిపించుకున్నవారిలో, రక్తస్రావం ముప్పు తక్కువైతే, ఆస్పిరిన్‌కు తోడుగా, గడ్డకట్టకుండా చూసే మరో మందు రివరాక్సబాన్ 2.5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తే మేలని 2020లో వచ్చిన వాయేజర్ అధ్యయనం చూపించింది. పొగ పూర్తిగా మానాలి, ఇందులో బేరం లేదు. పుండు ఉన్న పాదం మీద నడవకూడదు. పుండు లేక, పిక్క నొప్పి మాత్రమే ఉన్నవారైతే నడవాలి, నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవాలి.

మీ ప్రశ్నలు అడగండి.

సభలో ఒకరు: డాక్టర్ గారూ, మళ్లీ మూసుకుపోతుందని మీరే అన్నారు. అలాంటప్పుడు బెలూన్ చేయించుకుని ఏం లాభం?

మంచి ప్రశ్న అడిగారు. పుండు మానడానికి చాలా రక్తం కావాలి. మానిన చర్మం అలాగే ఉండటానికి అంత అక్కర్లేదు. మనకు కావాల్సింది పుండు మూసుకునే ఆ కొన్ని నెలలు. ఆ తర్వాత ధమని మెల్లగా సన్నబడినా, కొత్త గాయం కాకుండా చూసుకుంటే కాలు చాలామందికి నిలుస్తుంది. అయితే పుండు మానకముందే మళ్లీ మూసుకుంటే మళ్లీ చేయాలి. అందుకే బెలూన్ అయ్యాక "అయిపోయింది" అని వెళ్లిపోవద్దు. పుండు మానేదాకా వారం వారం ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి, తగ్గుదల ఆగిందంటే మళ్లీ వేలి ప్రెజర్, డాప్లర్.

మరొకరు: మా అమ్మకు డయాలసిస్ నడుస్తోంది. మడమ మీద పుండు. ఆమెకు ఇవన్నీ చేయొచ్చా?

చేయొచ్చమ్మా. కష్టమైన కేసే, ఆ మాట దాచను. డయాలసిస్ ఉన్నవారిలో కాల్షియం బాగా ఎక్కువ, మడమ పుండు అన్నిటికంటే మొండిది. ఫలితాలు మిగతావారంత బాగుండవు. కానీ యాంజియోకు వాడే మందు గురించిన భయం మీ అమ్మగారి విషయంలో తక్కువ. కిడ్నీలు ఇప్పటికే పనిచేయడం లేదు కాబట్టి వాటికి కొత్తగా జరిగే నష్టం పెద్దగా ఉండదు. ఏబీఐ మీద అసలు ఆధారపడొద్దు, వేలి ప్రెజర్ అడగండి. ఈ రోజు నుంచే మడమ మంచానికి తగలకుండా పిక్క కింద దిండు పెట్టండి, మడమ గాల్లో ఉండాలి. వాస్క్యులర్ సర్జన్‌కు చూపించడం ఈ వారంలోనే జరగాలి.

ఇంకొకరు: నాకు పుండు లేదు, నొప్పి లేదు. షుగర్ మాత్రం చాలా ఏళ్లుగా ఉంది. ముందే సీటీ యాంజియో తీయించుకుంటే మంచిదా?

అక్కర్లేదండీ. లక్షణాలు లేనివారికి సీటీ తీస్తే ఏదో ఒక బ్లాక్ కనిపిస్తుంది, దానికి ఎవరో బెలూన్ చేస్తారు, మంచిగా ఉన్న కాలికి లేని కష్టం తెచ్చినట్టవుతుంది. పుండూ నొప్పీ లేని కాలికి ధమని తెరవాల్సిన పనిలేదు. మీకు కావాల్సింది ఏడాదికోసారి చెప్పులు, సాక్సులు విప్పించి పాదం చూసే డాక్టరు. నాడి చూడాలి, స్పర్శ చూడాలి. 65 దాటినా, కంట్లో గానీ కిడ్నీలో గానీ షుగర్ దెబ్బ కనిపించినా ఏబీఐ, వీలైతే వేలి ప్రెజర్ చేయించాలి. అందులో తేడా వస్తే స్టాటిన్, ఆస్పిరిన్ గురించి మాట్లాడతాం, పాదాల మీద నిఘా పెంచుతాం. ఇంతకీ, ఈ ఏడాది మీ పాదాలు ఎవరైనా చూశారా? లేదా? అయితే కిందికి వచ్చాక ఇక్కడే చూస్తాను, ఉండండి. మీలో ఇంకెవరికైనా చూపించుకోవాలనుంటే ఎడమవైపు బల్ల దగ్గర నర్సమ్మ చిన్న డాప్లర్‌తో కూర్చున్నారు, పుండు ఉన్నవాళ్లు ముందు రండి.